రోజుకు 180 సార్లు

(హనుమకొండలో ఒక వాకర్స్ అసోసియేషన్ వార్షిక సమావేశంలో ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, కార్యవర్గానికి, తెల్లారకముందే గ్రౌండుకు చేరే అన్నలకు, అక్కలకు నమస్కారం. మోకాళ్ల నొప్పుల మీద పావుగంట మాట్లాడమన్నారు. రాసుకొనే వచ్చాను. ఇందాక గేటు దగ్గర ముగ్గురు నన్ను ఆపి మడమ వెనక చెయ్యి పెట్టి చూపించారు. "పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేసేదాకా నరం పట్టేస్తోంది మేడం" అన్నారు. వాళ్లలో ఒకాయన సోమవారం సూది వేయించుకోబోతున్నారట. అందుకని మోకాళ్ల సంగతి ఇంకోసారి.

అది నరం కాదు. పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచిన తాడు. అకిలిస్ టెండన్ అంటారు. పరుగులో ఒంటి బరువుకు ఆరేడు రెట్ల భారం మోస్తుంది. ఒక్కసారిగా దూరం పెంచితే లోపలి పోగులు చెదురుతాయి, మానడానికి నెలలు పడుతుంది.

మా ఎదురింటి అబ్బాయి నన్ను అత్తమ్మా అని పిలిచేవాడు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో పరుగెత్తాలి. రోజూ తారురోడ్డు మీద సాధన చేసి మడమ వాపు తెచ్చుకున్నాడు. నన్నడిగితే వ్యాయామం చెప్పి, 12 వారాలు పడుతుందన్నాను. వాడికున్నది ఆరు వారాలు. గేటు దగ్గర నిలబడే చెప్పాను తప్ప, లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఎందుకు అన్ని వారాలో వివరించలేదు. ఆ తప్పు నాది.

ఎక్కడికో పోయి తాడు పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాడు. "అత్తమ్మా, సూది ఏసిండు, నొప్పి మొత్తం పోయింది" అని సంబరంగా చెప్పాడు. మళ్లీ రెండోది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున పరుగులో ఎవరో వెనక నుంచి తన్నినట్టయి తిరిగి చూశాడట. వెనక ఎవరూ లేరు. తాడు తెగింది.

ఆ సూది వల్లే తెగిందని నేను రుజువు చేయలేను. కానీ స్టెరాయిడ్ ఆ తాడును బలహీనపరచవచ్చని, నొప్పి లేదు కదా అని మనిషి ఇంకా గట్టిగా పరుగెత్తుతాడని మా వృత్తిలో అందరికీ తెలుసు. వాడికి ఆ ముక్క ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. సోమవారం వెళ్లాలనుకుంటున్న అన్నగారూ, మీరు నా ఎదురుగానే ఉన్నారు. మీకు చెప్పకుండా ఈ వేదిక దిగను.

స్వీడన్ ఉత్తరాన ఉమియో అనే ఊరుంది. అక్కడ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల సర్జన్‌కు ఇదే నొప్పి. ఆపరేషన్ చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదు. తాడు తెగితే తప్పక చేస్తారు కదా అని, తెంపుకోవాలనే మడమ మీద బరువు వేయసాగాడు. తాడు తెగలేదు, నొప్పే పోయింది. 1998లో ఆయన బృందం ఆపరేషన్ దాకా వచ్చిన 15 మంది చేత 12 వారాలు అదే చేయించింది. 15 మందీ మళ్లీ పరుగులోకి దిగారు. తర్వాతి పరీక్షల్లో అందరికీ అంత బాగా పనిచేయలేదు. అయినా ఈనాటికీ వైద్యం మొదలయ్యేది ఈ బరువు నుంచే.

అందరూ లేవండి. కుర్చీ వీపు పట్టుకోండి. ఇక్కడ మెట్టు లేదు కాబట్టి మడమ కిందికి దించడం ఊహించుకోండి. మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడాలి. రెండు కాళ్లతో పైకి లేచి, బరువంతా నొప్పి కాలి మీదికి మార్చి, మడమను మెట్టు కన్నా కిందికి నెమ్మదిగా దించాలి. మళ్లీ పైకి మంచి కాలితోనే. మోకాలు నిటారుగా పెట్టి పదిహేనేసి చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి ఇంకో మూడు విడతలు. పొద్దున, సాయంత్రం. రోజుకు 180 సార్లు. తేలికైపోతే వీపున సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకోండి. అన్ని చేయలేమంటారా, జిమ్‌లో పెద్ద బరువుతో నెమ్మదిగా వారానికి మూడు రోజులు చేసినా ఫలితం దాదాపు అంతే.

కొద్దిగా నొప్పి ఉంటుంది. పదికి ఐదు దాటకుండా, మర్నాటి పొద్దుటికి తగ్గితే భయం లేదు. మంచం మీద పడుకుంటే నొప్పి తగ్గుతుంది, తాడు బలపడదు. నొప్పి మడమ ఎముకను అంటుకొనే చోటే ఉంటే మాత్రం మెట్టు వద్దు, నేల మీదే చేయండి, బూటులో మడమ కింద మెత్త పెట్టుకోండి.

ఇంకో మాట. సొంత రక్తం నుంచి తీసిన ప్లాస్మా ఇంజెక్షన్‌కు వేలకు వేలు పోస్తున్నారు. బ్రిటన్‌లో 240 మంది మీద చేసిన పరీక్ష 2021లో వెలువడింది. ఉత్తుత్తి సూదికీ దానికీ తేడా కనబడలేదు. ఆ డబ్బు పిల్లల ఫీజులకు దాచుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వాడుతూ మడమ నొప్పి మొదలైతే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఆ మందులు ఈ తాడును దెబ్బతీయగలవు. వెనక ఎవరో తన్నినట్టయి మునివేళ్ల మీద లేవలేకపోతే ఇవేవీ చేయకుండా వెంటనే ఆసుపత్రికి పోండి.

రేపు పొద్దున ఆరింటికి గ్యాలరీ మెట్ల దగ్గర ఉంటాను. బూట్లు వేసుకొని రండి. అన్నగారూ, మీరు తప్పకుండా రండి. సోమవారానికి ఇంకా మూడు రోజులుంది.