పోబాక అన్న గది

శ్రోతలకు నమస్కారం.

"ఆ గదిలోకి పోబాక పాపా." మా అవ్వ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. కావలి దగ్గర పల్లెలో వాళ్ళ ఇల్లు. పాతకాలపు మండువా ఇల్లు. వెనక వైపు వడ్లు పోసే కొట్టు, దాని పక్కన ఇంకో చిన్న గది. ఆ గదికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి అవ్వ బొడ్లో దోపుకున్న గుత్తిలో ఉండేది. సంక్రాంతి వస్తే ఇల్లంతా సున్నం కొట్టించేది, ఆ గదికి మాత్రం కొట్టనిచ్చేది కాదు. "లోపల ఏముందవ్వా?" అంటే, "ఏముంటాది, పాత సామాన్లు" అని చేట అందుకునేది. ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు నేను పోయి తలుపు సందుకు కన్ను ఆనించేదాన్ని. చీకటి తప్ప ఏమీ కనపడేది కాదు. గబ్బిలాల వాసన. కాళ్ళు వణికేవి. పరిగెత్తుకొచ్చి అవ్వ పక్కన ముడుచుకుని పడుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ అక్కడికే.

ఈ రోజు నేను మాట్లాడబోయేది అలాంటి తలుపుల గురించి రాసిన కథల గురించి. గోతిక్ కథలంటారు వాటిని. ఒక పాత కోటో, పాడుబడ్డ భవంతో ఉంటుంది. ఎప్పుడో జరిగిపోయి, ఎవరూ నోరు విప్పని సంగతి ఒకటి ఉంటుంది. దాన్ని తవ్వి తీసే పదహారు, పదిహేడేళ్ళ పిల్ల ఉంటుంది. ఆ వెతుకులాటలోనే ఒక ప్రేమ మొలుస్తుంది. ఇంగ్లీషులో ఆ వయసు వాళ్ళ కోసం వచ్చే నవలల్లో ఇదొక పెద్ద పాయ. నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తాను. మా అమ్మాయిలు రాత్రిళ్ళు ఫోన్లలో చదివేవి ఎక్కువగా ఇవే. ఒకరోజు క్లాసులో ఒక నవల ప్రస్తావన తెచ్చాను. వెనక బెంచీ అమ్మాయి చెవులు మూసుకుని, "మేడం, అతను మంచోడా చెడ్డోడా చెప్పబాకండి, నేనింకా సగంలోనే ఉన్నా!" అని అరిచింది. ఒక పుస్తకం కోసం పిల్లలు అంత టెన్షన్ పడటం చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

గోతిక్ అన్నది మొదట్లో తిట్టుమాట. గోత్‌లు రోము సామ్రాజ్యం మీద పడిన ఒక జాతి. ఆ తర్వాతి కాలంలో ఇటలీ పండితులు, మధ్యయుగాల్లో కట్టిన కోసు గోపురాల చర్చీలను చూసి "ఇది మొరటు గోత్‌ల పని" అని ఈసడించారు. తిట్టు కాస్తా శైలికి పేరైపోయింది. 1764 చివర్లో లండన్‌లో హొరేస్ వాల్‌పోల్ అనే ఆయన ఒక చిన్న నవల అచ్చు వేశాడు. తన పేరు పెట్టలేదు. ఇంగ్లండు ఉత్తరాన ఒక పాత కుటుంబం గ్రంథాలయంలో ఎప్పుడో 1529లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకం దొరికిందనీ, ఇది దాని అనువాదమనీ ముందుమాటలో కల్పించాడు. జనం నమ్మారు. మరుసటి ఏడాది రెండో ముద్రణలో తానే రాశానని ఒప్పుకుని, కింద "గోతిక్ కథ" అని చేర్చాడు. అట్టపెట్టెలోనో అటక మీదో పాత కాగితాల కట్ట దొరకడం అనే ఎత్తుగడ ఇప్పటి నవలల్లోనూ కనపడుతుంటుంది కదా, దాని వయసు రెండున్నర శతాబ్దాలు.

ఆ కథలో ఇసబెల్లా అనే అమ్మాయి ఉంటుంది. పెళ్ళిరోజునే పెళ్ళికొడుకు చనిపోతాడు. అయితే నన్ను చేసుకో అంటాడు వాడి తండ్రి. ఆ పిల్ల దీపం పట్టుకుని కోట కింద సొరంగంలోకి పారిపోతుంది. గాలికి దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లో ఒక కుర్రవాడు ఎదురవుతాడు. అతను ఎవరో ఆమెకు తెలియదు. ఇప్పుడు ఆమె ముందున్న ప్రశ్న దయ్యాల గురించి కాదు. ఇతన్ని నమ్మొచ్చా, లేదా? అంతే. నా దృష్టిలో ఈ కథల్లో ప్రేమకు ప్రాణం ఆ ప్రశ్నే. మా వెనక బెంచీ అమ్మాయి చెవులు మూసుకుంది కూడా దానికోసమే.

ఇక్కడ జేన్ ఆస్టిన్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె చనిపోయాక 1817 డిసెంబరులో వచ్చిన నవలలో కేథరిన్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఉంది. ఇలాంటి కథలు తెగ చదివిన పిల్ల. ఒక పెద్దింటికి చుట్టంగా వెళ్తుంది. తుఫాను రాత్రి, గదిలో ఒక నల్లటి బీరువా, అందులో కాగితాల చుట్ట. చదవబోతే కొవ్వొత్తి ఆరిపోతుంది. రాత్రంతా దుప్పటి కింద వణికి, తెల్లారాక విప్పి చూస్తే అవి చాకలి పద్దులు. ఈ ఘట్టం చదివి అందరూ నవ్వుతారు. నేను మాత్రం దాని తర్వాత జరిగేది పిల్లలకు తప్పకుండా చెప్తాను. ఆ ఇంటి యజమాని తన భార్యను చంపేశాడేమోనని కేథరిన్ అనుమానపడుతుంది. చంపలేదు. కానీ ఈ పిల్లకు ఆస్తి లేదని తెలియగానే, తోడు కూడా ఇవ్వకుండా ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. ఆమె ఊహించిన నేరం జరగలేదు. ఆమె పసిగట్టిన క్రూరత్వం మాత్రం నిజం. పదిహేడేళ్ళ పిల్లల అనుమానాలు చాలాసార్లు ఇలాగే ఉంటాయి.

ఈ కథలు మనవి కావు, మన ఊళ్ళకు అతకవు అనే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. "మూడు దిక్కులకూ వేటకు పో నాయనా, ఉత్తరానికి మాత్రం పోబాక" అని రాజు కొడుక్కి చెప్పే కథ మన ఇళ్ళలో ఎవరు వినలేదు? బాలనాగమ్మ కథ ఏమిటి? మాయల ఫకీరు కోటలో బందీ అయిన తల్లి, ఆమెను వెతుక్కుంటూ వచ్చిన చిన్నపిల్లవాడు బాలవర్ధిరాజు, ఎక్కడో చిలకలో దాచిపెట్టిన ఫకీరు ప్రాణం. బుర్రకథల్లో తరతరాలు విన్నాం. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళ పేర్లు చూడండి: పాతాళదుర్గం, రాకాసిలోయ, శిథిలాలయం. వాటి కోసం పోస్టు మనిషి దారి కాచిన వాళ్ళు ఈ ప్రసంగం వినే వాళ్ళలో ఎంతమంది ఉంటారో! కొరత ఎక్కడంటే, చందమామ వయసు దాటిన పిల్లలకు తెలుగులో తర్వాతి మెట్టు సరిగా కట్టలేదు. పన్నెండేళ్ళ దాకా రాకుమారులు, ఆ తర్వాత ఒక్కసారిగా పెద్దవాళ్ళ వారపత్రిక సీరియళ్ళు. మధ్యలో ఆ అయిదారేళ్ళు ఖాళీ. ఇంట్లో పెళ్ళి మాటలు చెవిన పడే వయసు, అమ్మానాన్నలకు కూడా మనకు తెలియని గతం ఉందని మొదటిసారి తోచే వయసు అది.

రాయదలుచుకున్న వాళ్ళకు ఇక్కడ సరుకు లేదా అంటే, ఎంత కావాలంటే అంత ఉంది. మన ఉదయగిరి దుర్గాన్నే తీసుకోండి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లో ఉన్న ఈ కోటను ముట్టడించాడు. ఏడాదిన్నర దాకా పట్టింది లొంగడానికి. యుద్ధాలు సాగి సాగి, చివరకు గజపతి సంధి చేసుకుని కూతుర్ని రాయలకిచ్చి పెళ్ళి చేశాడు. ఆ పిల్ల పేరు? ఒకరు తుక్కాదేవి అంటారు, ఒకరు జగన్మోహిని అంటారు, ఇంకొకరు అన్నపూర్ణ అంటారు. శత్రువు ఇంటికి కోడలైన పిల్లకు పేరు కూడా ఒక్కటి నిలవలేదు. రాయలు ఆమెను దూరం పెట్టాడనీ, ఆమె కంభంలో ఒంటరిగా బతుకు వెళ్ళదీసిందనీ జనం చెప్పుకుంటారు. ఎందుకు దూరం పెట్టాడు? మొదటి రాత్రి ఆమె దగ్గర కత్తి దొరికిందని ఒక కథ. అది నిజమా, గిట్టనివాళ్ళు పుట్టించిందా?

ఆమె చెప్పినట్టుగా అయిదు సంస్కృత శ్లోకాలు ప్రచారంలో ఉన్నాయి. తుక్కాపంచకం అంటారు. మొదటి శ్లోకంలో ఒక తుమ్మెద ఉంది. అడవిలో కొత్త పూలన్నిటి మీదా వాలింది, సంపెంగ దగ్గరికి మాత్రం రాలేదు. సంపెంగ అందమైనది కాదా? తుమ్మెదకు ప్రేమించడం తెలియదా? అంతా దైవేచ్ఛ. అంతే శ్లోకం. ఎవరినీ నిందించలేదు. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

కంభం చెరువు గట్టు మీద నిలబడితే ఆమె ఇంకా బాగా అర్థమవుతుంది. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య సందులో కట్ట వేశారు. ఇటు నిలబడితే కట్ట చిన్నదే. అటు చూస్తే కొండల మధ్య కనుచూపు మేరా నీళ్ళు. ఈ చెరువు కట్టించింది రాయల భార్య వరదరాజమ్మ అని ఊళ్ళో చెప్తారు. ఆ వరదరాజమ్మా, ఈ తుక్కాదేవీ ఒకరేనా? ఒక పదిహేడేళ్ళ కంభం అమ్మాయి ఈ ప్రశ్న పట్టుకుని, శాసనం చదవడం నేర్చుకుంటూ, పక్క ఊరి కుర్రవాడితో కలిసి చెరువు చుట్టూ తిరిగితే అది నవల కాదా? ఆ కుర్రవాడి ఇంట్లో వాళ్ళకే ఆ నిజం బయటికి రావడం ఇష్టం లేకపోతే?

బకింగ్‌హామ్ కాలవ ఇంకొకటి. మద్రాసుకు ఉప్పు, కట్టెలు మోసిన పడవలు రాత్రిళ్ళు దీని మీద నడిచేవి. మనవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువులో, ఒంగోలు మిషన్‌లో ఉన్న క్లవ్ దొర ఈ కాలవలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వాళ్ళకు కూలి చూపించాడు. పలుగూ పారా పట్టిన ఆ వేల మందిలో ఎవరి పేర్లు మిగిలాయి? ఒక కూలి పద్దు పుస్తకం, అందులో కొట్టేసిన ఒక పేరు. దెయ్యం అక్కర్లేదు, ఆ కొట్టివేత చాలు. ఇక గూడూరు వైపు అభ్రకం గనుల దగ్గర వెన్నెల్లో నేల మెరవడం, నెల్లూరు రొట్టెల పండగ నాడు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో, పెళ్ళి కావాలని మొక్కుకుని, ముక్కూమొహం తెలియని మనిషి చేతి నుంచి పెళ్ళి రొట్టె అందుకోవడం... నేను కథకురాలిని కాను కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

రాసేవాళ్ళను రెండే కోరతాను. పాతకాలాన్ని పట్టుచీర లాగా కథకు చుట్టి వదిలేయకండి. ఆ కాలంలో ఆ పిల్ల ఏం తినేది, గడప దాటాలంటే ఎవరిని అడగాలి, చదువు వచ్చా రాదా, అవి తెలిసి రాయండి. రెండోది, బెదిరించేవాణ్ణి, చెయ్యి చేసుకునేవాణ్ణి గొప్ప ప్రేమికుడిగా చూపించకండి. ఇంగ్లీషులో అలాంటివి వస్తున్నాయి. మా పిల్లల చేతుల్లో అవి చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. చీకట్లో దీపం పట్టుకుని పక్కన నడిచేవాడు, తలుపు తీయాల్సింది ఆమేనని తెలిసినవాడు, వాడి గురించి రాయండి.

మా అవ్వ పోయిన పన్నెండో రోజున, కర్మ అయిపోయాక, మా నాన్న ఆ గది తాళం తీశాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఒక నులక మంచం, ఒక ట్రంకు పెట్టె, గోడకు వేలాడేసిన వెంకటేశ్వరస్వామి పటం. అది మా తాత చెల్లెలి గది అని నాన్న అప్పుడు చెప్పాడు. ఎనిమిదేళ్ళకు పెళ్ళి చేస్తే, పదేళ్ళకు బొట్టు చెరిపేశారట. ఆ గదిలోనే పెరిగి, ఆ గదిలోనే ఇరవై నాలుగేళ్ళకు పోయిందట. అవ్వ ఆ ఇంటికి కాపురానికి వచ్చేటప్పటికి వదినా మరదళ్ళిద్దరిదీ ఒకే ఈడు. ఇంట్లో ఎవరూ ఆమె పేరు తలిచేవారు కాదు.

మంచం మీద, పెట్టె మీద, నేల మీద వేలెడు మందం దుమ్ము. పటం తీసి చూస్తే, దాని వెనక గోడ సున్నంలో పొదిగిన చిన్న అద్దం ముక్క ఉంది. అరచేతిలో సగం ఉంటుంది. అద్దం చూసుకోకూడదన్న పిల్ల, దేవుడి పటం వెనక దాచుకున్న అద్దం. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. నా మొహం చక్కగా కనపడింది. దాని మీద దుమ్ము లేదు.