టేబుల్ కాళ్ళు కోయించాను: మా ఇంటి ఆఫీసు మూల రివ్యూ

నమస్కారమండి. ఈ రోజు రివ్యూ ఫోన్ మీద కాదు, ల్యాప్‌టాప్ మీద కాదు. నా వెనక కనిపిస్తున్న ఈ మూల మీద. నిజాంపేటలో మా డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ ఇది. బెడ్రూమ్ కిటికీ పక్కన ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు జాగా, అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని ఇంటికొచ్చిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా టీమ్‌కి ఇప్పటికీ వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మొదట మంచం మీద కూర్చుని చేశాను, తర్వాత డైనింగ్ టేబుల్ దగ్గర చేశాను. మెడ పట్టేసి, కుడి మణికట్టు తిమ్మిరెక్కడం మొదలయ్యాక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి మాట, "మీరు కూర్చునే చోటు ఫొటో చూపించండి" అని. ఈ మూల అక్కడి నుంచి మొదలైంది.

"ఇంట్లో పని చేయడానికి ఏ కుర్చీ కొనాలి?" అని నన్ను చాలామంది అడుగుతారు. కుర్చీ సంగతి తర్వాత. ముందు ఒక టేపు తీసుకోండి. ఇదిగో, ఇలా పాదాలు నేలకు ఆనించి నిటారుగా కూర్చోండి. భుజాలు వదులుగా వదిలేసి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో కొలవండి. నేను ఐదడుగుల రెండంగుళాలు ఉంటాను, నాకు 25 అంగుళాలు వచ్చింది. షాపులో దొరికే టేబుళ్ళు మామూలుగా 29, 30 అంగుళాల ఎత్తుంటాయి. అంటే నాలుగైదు అంగుళాలు తేడా! ఆ తేడా ఎవరు భరిస్తారు? మన భుజాలే. రోజంతా వాటిని పైకి ఎత్తి పట్టుకుని టైప్ చేస్తాం, అది మనకు తెలియను కూడా తెలియదు. పోనీ కుర్చీ పైకి లేపితే పాదాలు గాల్లో వేలాడతాయి, తొడల కింద ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

అందుకే నేను టేబుల్ కాళ్ళు కోయించాను. మా వీధిలో వడ్రంగి ఒకాయన వచ్చి, టేబుల్‌ని బాల్కనీలో బోర్లా వేసి, నాలుగు కాళ్ళ మీదా పెన్సిల్‌తో గీత గీసి, నాలుగంగుళాలు కోసేశాడు. కాళ్ళ కింద ఈ రబ్బరు బుష్షులు వేశాడు, కెమెరా దించి చూపిస్తాను. 25కే దించమన్నాను నేను. "వద్దమ్మా, కింద అడ్డచెక్క ఉంది, తొడలకు తగులుతుంది" అన్నాడు. ఆయన మాటే నిజం. 26 దగ్గర ఆపి, కుర్చీ ఒక్క అంగుళం లేపి, కాళ్ళ కింద మా అత్తయ్య పాత పీట వేసుకున్నాను. అరగంట పని, 300 రూపాయలు. మొత్తం ఖర్చులో ఇంత ఫలితం ఇచ్చింది ఇంకొకటి లేదు. ఇంజనీర్డ్ వుడ్, అంటే చెక్క పొడి, ముక్కలు జిగురుతో అతికించి చేసిన టేబుల్ అయితే మాత్రం కోయించకండి, కోసిన చోట తడి తగిలితే ఉబ్బిపోతుంది. దానికి పీట, కుర్చీతోనే సర్దుకోవాలి.

స్క్రీన్ సంగతి. ల్యాప్‌టాప్‌లో కీబోర్డు, స్క్రీన్ అతుక్కుని ఉంటాయి కాబట్టి చేతులకు సరిపోతే మెడ వంగుతుంది, మెడకు సరిపోతే చేతులు లేస్తాయి. విడిగా కీబోర్డు, మౌస్ కొనాల్సిందే. ల్యాప్‌టాప్ కింద మా అబ్బాయి పాత టెక్స్ట్ పుస్తకాలు పెట్టాను, స్టాండ్ కొనలేదు. స్క్రీన్ పై అంచు కంటికి సమానంగానో, కొంచెం కిందగానో ఉండాలి. చెయ్యి చాపితే వేళ్ళ కొసలు తగిలేంత దూరం చాలు.

కుర్చీ 9,800 పెట్టి కొన్నాను. వీపుకి మెష్ ఉన్నది తీసుకోండి, మన ఎండలకు రెగ్జిన్ కుర్చీలో కూర్చోలేం. వెనక్కి ఆని కూర్చున్నప్పుడు మోకాలి వెనక రెండు మూడు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి. అమ్మేవాళ్ళు బిఫ్మా అని గొప్పగా చెప్తారు. అది కుర్చీ ఎంత గట్టిది, ఎంత భద్రం అన్నదానికి పెట్టే పరీక్ష. మీ నడుముకు సరిపోతుందా అన్నది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఒక ఇబ్బంది: టేబుల్ దించాక కుర్చీ చేతులు దానికి కొట్టుకుంటున్నాయి. అందుకని ఊడదీసేశాను.

కిటికీ నాకు ఎడమ పక్కన ఉంది చూడండి. వెనక ఉంటే వీడియో కాల్‌లో మొహం నల్లగా కనిపిస్తుంది, స్క్రీన్ మీద వెలుగు పడుతుంది. ఎదురుగా ఉంటే కళ్ళు లాగుతాయి. కానీ మాది పడమర కిటికీ. ఏప్రిల్, మే నెలల్లో మూడు దాటితే ఇక్కడ కూర్చోవడం కష్టమే. వెదురు కర్టెన్ వేశాను, ఎండ ఆగింది గానీ వేడి ఆగలేదు.

ఇంక కరెంటు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోయిన ప్రతిసారీ నేను మీటింగ్‌లోంచి ఎగిరిపోయేదాన్ని. కారణం ఏంటంటే, ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. రెండు మూడు నిమిషాలు పోతాయి. క్లయింట్ ముందు మాట మధ్యలో తెగిపోతే ఎంత టెన్షన్! చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్, ఎకో అని రెండు మోడ్‌లు ఉంటాయి, వెనక స్విచ్ చూడండి. యూపీఎస్‌లో పెడితే త్వరగా అందుకుంటుంది. మాకు అదీ చాలలేదు. ఈ చిన్న డబ్బా రౌటర్‌కి పెట్టే మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా చూసే చిన్న బ్యాటరీ, 1,300 రూపాయలు. మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి దానికి సరిపోయేదే కొనండి. ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే దానికీ పవర్ కావాలి, అది మరిచిపోవద్దు. రౌటర్ హాల్లో ఉంది కాబట్టి అక్కడి నుంచి గోడ అంచున లాన్ కేబుల్ లాగించాను. రెండు గోడలు దాటి వచ్చే వైఫైని నమ్ముకోలేం.

తలుపు గొళ్ళేనికి ఈ ఎర్ర చున్నీ మా అత్తయ్య ఆలోచన. చున్నీ ఉంటే మీటింగ్, లేకపోతే లోపలికి రావచ్చు. అంతకుముందు పాపం ఆవిడ మిక్సీ వేయాలన్నా నన్ను అడిగేవారు. పెద్దావిడ తన వంటింట్లో తను భయంభయంగా తిరగడం నాకు చాలా బాధగా ఉండేది. మైకు నోటి దగ్గరకు వచ్చే హెడ్‌సెట్ కొన్నాక కుక్కర్ కూతలు కూడా అవతలికి పెద్దగా వినపడటం లేదు.

ఈ మూలలో నాకు నచ్చనిది ఒకటుంది. రాత్రి మంచం మీద నుంచి చూస్తే ఎదురుగా టేబులే కనిపిస్తుంది. ఏడింటికి ల్యాప్‌టాప్ మూసి పైన దుప్పటి కప్పేస్తాను, అయినా పని గుర్తొస్తూనే ఉంటుంది. హాల్లో బీరువా ఒక పక్కకు జరిపితే దాని వెనక కొంచెం జాగా వస్తుందని మా ఆయన అంటున్నారు. టేపు ఎలాగూ చేతిలోనే ఉంది, ఇప్పుడే వెళ్ళి కొలుస్తాను.