మా తాత మంచె, ఈ తాత మంచె: విస్కాన్సిన్‌లో జింకల వేట మొదటి రోజు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోలో జింకను కాల్చే దృశ్యం లేదు. ఆ సమయానికి కెమెరా ఆపేసి ఉంది, ఎందుకో దారిలో చెబుతాను. మాంసం కోసే చోట మాత్రం కొద్దిగా చూపిస్తాను. చూడలేనివాళ్ళు అక్కడ ముందుకు జరుపుకోండి. "మీరు నీచు తింటారా అక్కా" అని అడగబోయేవాళ్ళకు జవాబు కూడా ఇప్పుడే ఇచ్చేస్తాను: తింటాం. కార్తీకమాసం రెండు రోజుల ముందే వెళ్ళిపోయింది.

మేము ఉండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ పక్కన వెరోనా అనే ఊళ్ళో. వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడ థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం తుపాకీతో జింకల వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఈసారి నవంబరు 22న పడింది. ఐదు లక్షల మందికి పైగా లైసెన్సులు తీసుకుని అడవులకూ పొలాలకూ బయలుదేరతారు. 2003లో వేటాడే హక్కును రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్న జనం వీళ్ళు. ఆ వారంలో ముఖ్యమైన మీటింగులు పెట్టకూడదని మా ఆయన మొదటి ఏడాదే నేర్చుకున్నారు. నేను నేర్చుకున్నది వేరు. మగవాళ్ళు అడవిలో ఉంటారని లెక్కవేసి, ఆ శనివారం కొన్ని దుకాణాల్లో ఆడవాళ్ళ కోసం ధరలు తగ్గిస్తారు. వేటకు వెళ్ళే ఆడవాళ్ళు ఉన్నారన్న సంగతి ఆ దుకాణాలకు ఇంకా తెలిసినట్టు లేదు. ఇన్నేళ్ళూ నేను ఆ తగ్గింపు ధరల పక్షమే.

ఈసారి పక్కింటి పెద్దాయన పిలిచారు. డెబ్బై దాటిన మనిషి. మా పాప ఆయనను తాతా అనే పిలుస్తుంది, ఆయనా పలుకుతారు. ఆయన తమ్ముడికి డాడ్జ్‌విల్ దగ్గర మొక్కజొన్న, సోయా పండే పొలం ఉంది. పెద్దాయన కొడుకులు దూర రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. "నా మంచె మీద ఇద్దరు కూర్చునే చోటుంది, రెండేళ్ళుగా ఒక్కడినే కూర్చుంటున్నాను. తుపాకీ ముట్టుకోనక్కరలేదు, కదలకుండా కూర్చుంటే చాలు" అన్నారు. ఆయన మంచె అనలేదు లెండి. కానీ చెట్టుకు ఆనించిన నిచ్చెన, దాని తలపైన పీట ఫోటోలో చూపించగానే నాకు ఆ మాట తప్ప ఇంకొకటి రాలేదు.

నందికొట్కూరు పక్కన మా తాత జొన్న చేలో మంచె ఉండేది. వేసవి సెలవుల్లో కాదు, సంక్రాంతి సెలవుల్లో దాని మీద కూర్చుని వడిసెలతో రాళ్ళు విసరడం నా ఉద్యోగం. పిట్టలకే కాదు, కృష్ణజింకలకు కూడా. అటు రోళ్ళపాడులో బట్టమేక పక్షుల కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ గడ్డిమైదానాల్లో కృష్ణజింకలూ పెరిగాయి, పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. వాటిని చంపడానికి వీల్లేదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. పైగా అది మన రాష్ట్ర జంతువు. రైతు చేయగలిగింది అరవడం, డబ్బా వాయించడం. మా తాత గొంతు అలాగే పోయిందని మా నానమ్మ అనేది.

సరే, శుక్రవారం సాయంత్రం బయలుదేరాం. మౌంట్ హోరెబ్ మీదుగా గంటలోపు దారి. పొలం ఉన్నది అయోవా కౌంటీలో. అయోవా రాష్ట్రం కాదండీ, విస్కాన్సిన్‌లోనే ఉన్న కౌంటీ పేరు అది, మా ఆయన ఇప్పటికీ తికమకపడతారు. మంచుయుగంలో హిమానీనదాలు రాష్ట్రంలో చాలా భాగాన్ని చదును చేసినా ఈ మూలను తాకలేదు. అందుకే ఇక్కడ గుట్టలూ లోయలూ మిగిలాయి. దారిపొడవునా బార్ల ముందు వేటగాళ్ళకు స్వాగతం పలికే బోర్డులు. పొలం ఇంటికి చేరేసరికి వేయించిన చేపలు, బంగాళాదుంప ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. శుక్రవారం రాత్రి చేప వేపుడు ఇక్కడ ఏ ఊళ్ళోనైనా ఆచారమే. తర్వాత యూకర్ అనే పేకాట మొదలైంది. మా ఆయన అరగంటలో నేర్చుకుని గంటలో గెలిచారు. తెల్లవారాక కూడా ఆ బల్ల దగ్గర నుంచి లేవలేదు, కాబట్టి ఈ వీడియోలో ఆయన పాత్ర ఇంతటితో సమాప్తం.

బట్టల సంగతి చెప్పాలి. వేటగాళ్ళు నడుము పైన కనీసం సగం మేర మెరిసే నారింజ రంగు వేసుకోవాలి, టోపీ పెడితే దానికీ అదే లెక్క. 2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. ఆడవాళ్ళ కోసమని తెచ్చారట. నేను నారింజే అడిగి తీసుకున్నాను. వేటాడని నాకూ అది తొడిగించారు, ఎందుకంటే పక్క గుట్ట మీద కూర్చున్నవాడికి నేను మనిషినని తెలియాలి. జింకకు మాత్రం ఈ రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, ఎరుపును పట్టే కణాలు దాని కంట్లో లేవు. నీలం బాగా కనిపిస్తుందట. నా జీన్సు చూసి పెద్దాయన తల అడ్డంగా ఊపి, పైన వేసుకోమని గోధుమరంగు ప్యాంటు ఇచ్చారు. ఆ తర్వాత నా స్వెట్టరు వాసన చూసి ఏమీ అనలేదు. ఆయన తన బట్టలను రెండు వారాలుగా ఎండుటాకులతో కలిపి సంచిలో మూటగట్టి బయట ఉంచారు. మా ఇంట్లో పోపు వాసన పట్టని గుడ్డ ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఐదున్నరకు మంచె కింద ఉన్నాం. చిమ్మచీకటి, కాలి కింద గడ్డి పెళపెళమంటోంది. తుపాకీని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కరు. తూటాలు తీసేసి, తాడు కట్టి కిందే పెట్టి, మనుషులు ఎక్కాక పైకి చేదుకుంటారు. బావిలో చేద లాగినట్టే ఉంది. ఎక్కే ముందు నాకు నడుముకూ భుజాలకూ పట్టీలు బిగించి చెట్టుకు కట్టేశారు. "తూటా తగిలినవాళ్ళను ఒక్కరిని చూశాను, మంచె మీద నుంచి పడ్డవాళ్ళను ఐదుగురిని చూశాను" అన్నారాయన.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చవచ్చు. ఆ రోజు లెక్కకు దాదాపు ఆరున్నర. నిమిషం అటూఇటూ కాలేదు, దూరంగా ఎక్కడో ఒకటి, ఆ లోయ అవతల రెండు, వెనక నుంచి మరొకటి. దీపావళి నాడు చివరి టపాకాయలు ఆగి ఆగి పేలినట్టు. ఆయన చప్పుడు విన్నప్పుడల్లా ఎవరి పొలమో చెప్పి, ఒక్క దెబ్బ అయితే తల పంకించి, వరసగా మూడు వినిపిస్తే పెదవి విరిచారు.

ఆ తర్వాత ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. వేట అంటే పరుగులూ అరుపులూ అనుకున్నాను. ముప్పావుగంట పీట మీద కూర్చుని ఒక సోయా మోడును చూశాను. మా తాత మంచె మీద కూర్చున్నవాడు నోరు మూస్తే తప్పు. ఈ మంచె మీద ఊపిరి గట్టిగా వదిలినా తప్పే. అక్కడ రాకూడదని కూర్చునేవాళ్ళం, ఇక్కడ రావాలని కూర్చున్నాం. గొంతులో అరుపు సిద్ధంగా ఉండి, దాన్ని మింగుతూ కూర్చున్నాను, అలవాటు అలాంటిది.

ఏడుంపావుకు వచ్చింది. ఓక్ చెట్ల మధ్య ఒక అడ్డగీత కదిలినట్టు అనిపించి, ఆ గీత వీపు అని తర్వాత అర్థమైంది. ఆడజింక, మన భాషలో లేడి. వెనకే ఆ ఏటి పిల్ల. ముప్ఫై గజాలు కూడా లేదు. ఊపిరి వదిలినప్పుడల్లా ముక్కు ముందు చిన్న పొగ. ఒక చెవి మా వైపు, రెండో చెవి వెనక్కి, దేనికది తిరుగుతోంది. ముందు కాలు ఎత్తి నేలను ఒకసారి కొట్టింది. ఆగి మళ్ళీ కొట్టింది. అనుమానం వచ్చినప్పుడు అలా చేస్తుందట. నా స్వెట్టరేనా కారణం అనుకుంటుండగా, చలికి నీరసించిన నా కెమెరా బ్యాటరీ అయిపోవస్తోందని కీచుమంది. బుస్సుమని ఒక్క చప్పుడు, తెల్లటి తోక జెండాలా లేచింది, రెండూ మాయం. ఆయన నా వైపు తిరగలేదు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అందించారు. నేను కెమెరా తీసి సంచిలో అడుగున పెట్టేశాను. అదండీ కారణం.

ఎనిమిదీ నలభైకి మరో లేడి, ఒంటరిగా. దీన్ని నేను చూడకముందే ఆయన చూశారు. తుపాకీ భుజానికి చేరడం ఎంత నెమ్మదిగా జరిగిందంటే, ఎప్పుడు చేరిందో నాకు తెలియలేదు. చప్పుడు మాత్రం నా పళ్ళలో వినిపించింది. లేడి ఎగిరి, వంగి, చెట్లలోకి పరుగెత్తింది.

నేను లేవబోయాను. ఆయన నా మోచేయి పట్టి కూర్చోబెట్టారు. అరగంట కదలకూడదట. వెంటపడితే గాయంతో లేచి ఇంకా దూరం పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. ఆ రోజు మొత్తంలో నాకు కష్టమైనది ఆ అరగంటే. మా నానమ్మ గుర్తొచ్చింది, మాయలేడి గుర్తొచ్చింది, మధ్యాహ్నం భోజనం కూడా గుర్తొచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ కలిసే.

దిగాక నెత్తురు జాడ వెతకాలి. ఓక్ ఆకుల మీద ఎర్రటి మచ్చలు మామూలుగానే ఉంటాయి, ఏది మచ్చో ఏది చుక్కో తెలియదు. కాగితం తుండు అద్ది చూడాలి. చుక్క దొరికిన ప్రతిచోటా ఒక కాగితం ముక్క వదిలి, తర్వాతి చుక్క వెతకాలి. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కలన్నీ కలిసి జింక పోయిన దారి చూపిస్తాయి. ఆయన చూపు ఆనక ఒకచోట ఆగిపోయారు. తర్వాతి నాలుగు చుక్కలూ నేనే పట్టాను. బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళండీ ఇవి. ఎనభై అడుగుల దూరంలో, పడిపోయిన చెట్టు పక్కన ఉంది. ఎప్పుడో ప్రాణం పోయింది.

అక్కడికక్కడే పొట్ట చీల్చి లోపలివన్నీ తీసేయాలి, లేకపోతే మాంసం పాడవుతుంది. మూత్రసంచి చిట్లకుండా తీయడంలోనే పనితనం ఉంది. ఆ చలిలో పొట్టలోంచి ఆవిరి లేచింది. వాసన మాత్రం కొత్తది కాదు, మా ఊళ్ళో పొట్టేలును కోసినప్పటి వాసనే. ఆ పోలికతోనే నేను కొంచెం కుదుటపడ్డాను. తర్వాత ప్లాస్టిక్ స్లెడ్డు మీద వేసి గుట్ట మీదికి లాగాం. ఈ ముక్క వీడియోలో ఉంది, నేను ఎన్నిసార్లు జారిపడ్డానో లెక్కపెట్టుకోండి.

మర్నాడు సాయంత్రం ఐదు లోపు ప్రభుత్వానికి నమోదు చేయాలి. ఫోనులోనే రెండు నిమిషాల్లో అయిపోయింది. అసలు సంగతి తల. మెడ కొంత కలిపి తలను కోసి, పరీక్ష కోసం పెట్టిన పెట్టెలో వేసి రావాలి. ఇక్కడి జింకలకు సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది. ఈ రాష్ట్రంలో మొదట బయటపడింది 2002లో, మేము దాటి వచ్చిన ఆ మౌంట్ హోరెబ్ దగ్గరే. వంకర తిరిగిన ఒక ప్రొటీన్ దానికి కారణం, వండినా చావదు. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు. అయినా జబ్బు ఉందని తేలిన జింకను తినవద్దనే ఆరోగ్య శాఖ చెబుతుంది. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే.

గరాజులో వేలాడదీసి కోశారు. చివరికి తమ్ముడి భార్య పొడవాటి బల్ల మీద అయిదు కుప్పలు వేసింది. నేను చూస్తూ నిలబడిపోయాను. మా ఊళ్ళో పొట్టేలును నలుగురు కలిసి కోస్తే వేసేది ఇదే, పోగులు. ఇంత కండ, ఇంత ఎముక, ఇంత కార్జం, ఎవరి పోగూ చిన్నబోకుండా. ఇక్కడ జబ్బు భయంతో ఎముకలను రంపంతో కోయరు, వెన్నుపూస జోలికి పోరు, కండ మాత్రమే విడదీస్తారు. ఎముక లేని పోగు నా కంటికి ఆనలేదు, ఆ మాట పైకి అనలేదు. అయిదో పోగు మాది. వేటాడిన జింక మాంసాన్ని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, ఎవరైనా ఇస్తేనే మనకు దక్కేది. మూడున్నర కిలోల దాకా ఉంది.

పన్నెండు రోజులకు ఫలితం వచ్చింది, జబ్బు లేదు. ఆ ఆదివారం వండాను. కండ మీది తెల్లటి పొర ఓపికగా తీయాలి, కొవ్వు ఏమాత్రం ఉంచకూడదు. అది మైనంలా పెదాలకు అంటుకుంటుంది. మాంసంలో సొంత కొవ్వు లేదు కాబట్టి నూనె చేయి జారినా ఫరవాలేదు. అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు వేసి కుక్కరులో మెత్తగా ఉడికించి, పక్కన జొన్నరొట్టె. పెద్దాయన రెండు రొట్టెలు తిన్నారు, మూడుసార్లు ముక్కు తుడుచుకున్నారు. పోపు వాసన గురించి అప్పుడు నోరు విప్పారు: "జింకకు నచ్చలేదు గానీ నాకు నచ్చింది."

వీడియో కూర్చాక ముందుగా నాన్నకే పంపాను. చట్టం గురించో పాపం గురించో అడుగుతారని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఫోను చేసి, "మంచె ఎన్ని అడుగులమ్మా?" అన్నారు.

"పదహారు నాన్నా."

"కర్రదా?"

"ఇనుముది."

"పైన కప్పు వేయలేదే. ఎండకు ఎలా మరి?"

"ఎండ ఎక్కడిది నాన్నా ఇక్కడ" అన్నాను.