హెచ్‌వన్ రిజిస్టరు, మధ్యలో స్టాంపు గొడవ

పైడిరాజు: నమస్కారమండీ. ఈ వారం మన కార్యక్రమంలో షెడ్యూల్ హెచ్‌వన్, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మి, విడిగా రిజిస్టర్లో రాయాల్సిన మందుల జాబితా. అక్కా, స్టాంపు ఊసెత్తకుండా చెప్పాల, మాటిచ్చావు.

గౌరి: సరే. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, కొన్ని టీబీ మందులు, అల్‌ప్రాజోలమ్, డయాజిపామ్ లాంటి ఆందోళన తగ్గించే మందులు అందులో ఉన్నాయి. అమ్మినప్పుడు డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారో విడి రిజిస్టర్లో రాయాలి. మూడేళ్ళు దాచాలి. అంతే.

పైడిరాజు: అంతేనా! ఇంకా నలభై నిమిషాలుంది.

గౌరి: లొసుగు రిజిస్టర్లో లేదు, చీటీలో ఉంది. డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు చూడు. మందిచ్చాక డాక్టరు సంతకం పైన షాపు పేరు, అడ్రసు, తేదీ వెయ్యాలి. మళ్ళీ ఇమ్మని డాక్టరు రాయకపోతే ఆ చీటీకి ఒక్కసారే.

పైడిరాజు: వచ్చేసిందండీ స్టాంపు!

గౌరి: రాదా మరి? రోజుకొకటి, పది రోజులకి రాసిన చీటీ. స్టాంపు పడకపోతే విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా ఐదు షాపుల్లో యాభై బిళ్ళలు. ఐదు రిజిస్టర్లూ సక్రమంగానే ఉంటాయి!

పైడిరాజు: అందుకే ఆన్‌లైన్ కావాలంటాను. అమెరికాలో అల్‌ప్రాజోలమ్ లాంటి అలవాటుపడే మందులు షాపువాళ్ళు ఇచ్చింది రాష్ట్రం డేటాబేసుకెక్కుతుంది, చాలాచోట్ల డాక్టరు రాసేముందు చూసుకోవాల. కాలిఫోర్నియాలో 1939లోనే మొదలెట్టారు.

గౌరి: అప్పుడు కాగితాల మీదే కదా! ఇంకుప్యాడ్‌కి నెట్ అక్కర్లేదు.

పైడిరాజు: ఇంకో డాక్టరు దగ్గర ఇంకో చీటీ రాయించుకుంటే? నీ స్టాంపు ఏటి చేస్తాది?

గౌరి: ...ఏటీ చెయ్యదు. సరే, ఇదివరకే కొన్నాడని నీ కంప్యూటర్లో ఎర్రగా కనబడింది, పొమ్మన్నావు. ఏళ్ళ తరబడి రోజూ అల్‌ప్రాజోలమ్ వేసుకున్న మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గించాల్సిన మందది. పొమ్మంటే సరిపోతుందా?

పైడిరాజు: నేనెప్పుడు పొమ్మన్నాను? డాక్టరు దగ్గరికే పంపమంటాను. మరి శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం సంగతేటి? డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ మామూలు షెడ్యూల్ హెచ్‌లో ఉంది, హెచ్‌వన్‌లో లేదు. కిడ్నీ దెబ్బతిన్నోళ్ళకి నొప్పి బిళ్ళ మరీ చేటు. ఎవరెన్ని కొన్నారో ఏ రిజిస్టరు చెప్తాది?

గౌరి: ఉద్దానం జబ్బుకి కారణం నొప్పి బిళ్ళే అనకు, ఇంకా తేలలేదు.

పైడిరాజు: అనలేదక్కా. ఉన్న జబ్బుని ముదరబెడతాదన్నాను.

గౌరి: అది నిజమే. చీటీ లేకుండా ఇవ్వకూడని మందే అదీ. చీటీ అడిగితే కదా, స్టాంపెయ్యడానికి!

పైడిరాజు: ఒగ్గవు కదా.

గౌరి: ఇంకోటి. రిజిస్టర్లో "ఒక స్ట్రిప్" అని రాస్తారు. స్ట్రిప్‌లో పదా, పదిహేనా? బిళ్ళల లెక్క రాయాలి. అదీ రాత్రి షాపు కట్టేసేముందు గుర్తున్నంత మేరకి కాదు, ఇచ్చినప్పుడే...

పైడిరాజు: అక్కా, లైట్లు మినుకుతున్నాయి. కరెంటు పోయేలా ఉంది, సేవ్ చేసేస్తున్నా.