తొండ మీద రాయి వేయకండి

పెద్దలకు, సార్లకు, మేడమ్‌లకు, పిల్లలకు నమస్కారం. వన్యప్రాణి వారోత్సవాల్లో పులి గురించి మాట్లాడమని పిలిచారు. పులి గురించి చెప్పేవాళ్లు మన వరంగల్‌లో చాలామందే ఉన్నారు. తొండ గురించి ఎవరూ చెప్పరు. నేను దాని గురించే మాట్లాడతాను.

తొండ ఇప్పుడు పరాయి దేశాల్లోనూ ఉంది. 19వ శతాబ్దంలో జావా నుంచి చెరకు ముచ్చెలతో పాటు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి చేరింది. 1980లలో మలేషియా, థాయిలాండ్ వైపు నుంచి సింగపూర్‌కు వచ్చింది. అక్కడి పచ్చతొండ దీని పోటీకి తట్టుకోలేక అడవి వైపు జరిగిందంటారు. ఆ పచ్చతొండ గురించి నాకూ బాధే. కానీ దీన్ని సముద్రం దాటించింది ఎవరు? మనుషులం కాదా? చెడ్డపేరు మాత్రం తొండకు.

అక్కడ సరే, సొంత ఊళ్లో దీని బతుకేంది? పోయిన వానకాలం ఒక బడికి వెళ్లాను. పూలమొక్కల పక్కన తడిమట్టిలో ఆడతొండ ముందుకాళ్లతో గుంత తవ్వుతోంది. గుడ్లు పెట్టింది, మట్టి కప్పింది, మూతితో ఒత్తి ఒత్తి చదును చేస్తోంది. ఇంతలో ఇంటర్వెల్ బెల్ కొట్టారు. నేను అడ్డం వెళ్లేలోపే రాళ్లు పడ్డాయి. ఎందుకు కొట్టారురా అంటే, "తల ఊపుకుంట మన రక్తం పీలుస్తది సార్" అన్నాడొకడు. పక్కనున్న టీచర్ "అవును సార్" అన్నాడు! పిల్లవాడి మీద కోపం రాలేదు. ఆ టీచర్ మీద ఇప్పటికీ ఉంది.

వినండి పిల్లలూ. గొంతు ఎర్రబడేది మగతొండకు, జత కట్టే కాలంలో. అది ఎవరి రక్తమూ కాదు. తల ఊపేది ఇంకో మగతొండను బెదిరించడానికి. దానికి విషం లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒళ్లు నల్లబరుచుకుని ఎండ కాగుతుంది, వేడెక్కాక రంగు తేలుతుంది. బల్లికిలా తోక మళ్లీ మొలవదు. దారం కట్టి ఆడేవాళ్లు వింటున్నారా? తినేది చీమలు, మిడతలు, పురుగులు. పత్తి చేను గట్టు మీద తొండ కనబడితే దాన్ని ఉండనివ్వమని ఇంట్లో నాన్నలకు చెప్పండి.

టైం అయిందని చీటీ వచ్చింది. పులి సంగతి ఇంకోసారి. కొనుక్కున్న విదేశీ తాబేళ్లను, ఇగువానాలనే పెద్ద బల్లిజాతి జీవులను విసుగొచ్చాక భద్రకాళి చెరువు దగ్గర వదలకండి. సింగపూర్ పచ్చతొండకు వచ్చిన కష్టం ఇక్కడి జీవాలకూ వస్తుంది. హెడ్మాస్టర్ గారూ, ప్రహరీ పక్కన పొదలను శుభ్రత పేరుతో కొట్టించకండి. వాటిలో తొండలున్నాయి, వచ్చేటప్పుడు చూశాను.