ఫోటో దిగడం, ఫోటోలో పడటం

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఈ కెమెరాని మొదటి వరుసకి ఇస్తున్నాను. చేతులు మారుతూ వెనక వరుస దాకా వెళ్ళి తిరిగి నా దగ్గరికి రావాలి. పేరు పెంటాక్స్ కె1000. 1976లో వచ్చింది, 1997 దాకా తయారైంది. కంటికి ఆనించి చూడండి, రింగులు తిప్పండి, బరువెంతో చూడండి. ఒక్కటే విన్నపం. లోపల రీలు ఉంది, సగం అయింది. వెనక తలుపు మాత్రం తెరవకండి. కౌంటర్ 17 మీద ఉంది.

నన్ను పిలిచినవాళ్ళు "నిదానంగా ఫోటో తీయడంలోని ఆనందం" గురించి మాట్లాడమన్నారు. సరేనన్నాను గానీ ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఆ మాటతోనే నాకు పేచీ వచ్చింది. పాత కెమెరా అనగానే అందరూ నిదానం, ధ్యానం, ఓపిక అంటారు. కొండనో చెట్టునో తీసేవాళ్ళకి అది నిజమే కావచ్చు. ఇంట్లోవాళ్ళని తీసేవాడికి నిదానం పనికిరాదు. నాలుగేళ్ళ పిల్ల మీ నిదానం కోసం ఆగదు. ఆగిందంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు "దిగుతుంది".

మన భాషలో ఫోటోకి రెండు క్రియలున్నాయి, గమనించారా? "రండి, ఫోటో దిగుదాం" అంటాం. దిగడమంటే తయారవడం. తల దువ్వుకోవడం, పొట్ట లోపలికి పీల్చుకోవడం, పక్కనున్న పిల్లవాడి గడ్డం పట్టుకుని కెమెరా వైపు తిప్పడం. ఇంకో మాట పడటం. "ఇదిగో, వెనకాల ఎవరో పడ్డారు" అంటాం. అది అనుకోకుండా జరిగేది. మా ఇంటి ఆల్బమ్‌లు తిరగేస్తే దిగిన ఫోటోల్లో బట్టలు మారతాయి తప్ప మనుషులు మారరు. అందరూ ఒకే శ్వాస బిగబట్టి ఇరవై ఏళ్ళు నిలబడ్డట్టు ఉంటారు. ఒక గ్రూప్ ఫోటోలో మాత్రం, ఎడమ అంచున, ఇంకా వరుసలోకి రాని మా అమ్మ వంగి చెల్లి చెప్పుకి బకిల్ పెడుతోంది. ముఖం సగమే కనిపిస్తుంది. ఆ అంచు కోసమే ఆ ఫోటో ఇప్పటికీ బయటికి తీసి చూస్తుంటాను. మధ్యలో చక్కగా నిలబడ్డ పదకొండు మందినీ చూడను.

కాబట్టి నా పని ఇంట్లోవాళ్ళు ఫోటోలో పడేట్టు చూసుకోవడం. కెమెరా కంటి దగ్గర ఒక సెకను దాటి ఉంటే చాలు, అవతలివాళ్ళు పసిగట్టి దిగడం మొదలుపెడతారు. అంటే పనంతా కెమెరా పైకెత్తక ముందే అయిపోవాలి. ఈ పాత యంత్రం అందుకే నాకు నచ్చుతుంది. నేను పెట్టింది పెట్టినట్టే ఉంచుతుంది. లెన్స్ మీద దూరం రింగుని రెండు మీటర్ల దగ్గర పెడితే సాయంత్రం దాకా రెండు మీటర్లే. ముఖం కోసం తనంతట తాను వెతకదు, ఆఖరి క్షణంలో మనసు మార్చుకోదు.

అసలు 35 మి.మీ. వెడల్పు ఫిల్మ్ వాడే ఈ కెమెరా జాతి పుట్టిందే చురుకుదనం కోసం. ఆస్కార్ బార్నాక్ అని జర్మనీలో ఒక మెకానిక్. ఆస్తమా మనిషి. బరువైన గాజు ప్లేట్ల కెమెరా మోయలేక, సినిమా ఫిల్మ్ వాడే చిన్న పెట్టె ఒకటి తనకోసం చేసుకున్నాడు. 1914 నాటికే దాంతో ఫోటోలు తీశాడు, అందులో సొంత పిల్లల్నీ తీశాడు. అదే 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. జేబులో పట్టాలి, చటుక్కున బయటికి రావాలి, అంతే ఆయన కోరిక. ధ్యానం గురించి ఆయనేమీ అన్నట్టు లేదు.

సరే, ముందే చేసుకోవాల్సిన పని ఏమిటి? మొదటిది వెలుతురు. మన ఇంట్లో వెలుతురు మనం అనుకున్నంతగా మారదు. ఒక ఆదివారం కెమెరా పట్టుకుని గది గదికీ తిరిగి, వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించే కిటికీలో, వెలుతురు కొలిచే మీటర్ ముల్లు మధ్యకి వచ్చేలా చూసి, ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. రాయాల్సినవి రెండు అంకెలు. ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుందో, అంకె చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు. రెండోది షట్టర్ సెకనులో ఎన్నో వంతు సేపు తెరిచి ఉంటుందో. స్పీడంటే ఫిల్మ్ వెలుతురుకి ఎంత చురుకో చెప్పే అంకె. 400 స్పీడు ఫిల్మ్‌తో మా ఇంటి లెక్క ఇది: పగటిపూట కిటికీ పక్కన ఎఫ్ 2.8, సెకనులో 125వ వంతు. రాత్రి దీపాల కింద ఎఫ్ 2, 60వ వంతు. దీపానికి దూరంగా, మంచం మూల, 30వ వంతు. వరండా నీడలో ఎఫ్ 8, 125వ వంతు. నెల తిరిగేసరికి కాగితం అక్కర్లేదు. గడప దాటుతుంటే వేళ్ళే తిప్పేస్తాయి. బయట ఎండకైతే పాత సూత్రం ఉండనే ఉంది. ఎఫ్ 16 పెట్టి, ఫిల్మ్ స్పీడెంతో షట్టర్ కూడా సెకనులో ఇంచుమించు అన్నో వంతు పెట్టాలి. అనుమానం వస్తే ఎక్కువ వెలుతురు వైపే తప్పు చేయండి. నెగటివ్ ఫిల్మ్ ఒకటి రెండు స్టాపులు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, స్టాపంటే వెలుతురు రెట్టింపు కావడం. తక్కువైతే నీడలో ఉన్న ముఖం అసలు నమోదే కాదు, తర్వాత ఎంత గింజుకున్నా రాదు.

రెండోది దూరం. కష్టమంతా ఇక్కడే ఉంది. లెన్స్ మీద మీటర్లుంటాయి గానీ ఇంట్లో కొలతకి మన పాత లెక్కలే నయం. మూర అంటే దాదాపు 45 సెంటీమీటర్లు, బార అంటే ఆరడుగులకి కాస్త అటూ ఇటూ. ఎదురుగా కూర్చున్న మనిషి బారెడు దూరంలో ఉన్నాడా, మూడు మూరల్లో ఉన్నాడా అని కంటికి అలవాటు చేయాలి. 50 మి.మీ. లెన్స్‌ని ఎఫ్ 2 దగ్గర పూర్తిగా తెరిచి మీటరు దూరంలో ఫోకస్ చేస్తే స్పష్టంగా వచ్చే మందం ఐదు సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ళు. మీటరున్నర దూరంలో అయితే బెత్తెడుకి కాస్త ఎక్కువ. వరండాలో ఎఫ్ 8 పెట్టి రెండు మీటర్ల దగ్గర ఉంచితే ముప్పావు మీటరు పైనే దొరుకుతుంది. ఆ జాగాలోకి పిల్లలు వాళ్ళంతట వాళ్ళు వస్తారు, నేను రింగు ముట్టుకోను. అవసరమైతే అరడుగు ముందుకో వెనక్కో నేనే ఊగుతాను.

మూడు వేళ్ళ మందం ఎంత ఇబ్బంది పెడుతుందో చెప్తాను. మబ్బు పట్టిన ఒక సాయంత్రం మా అమ్మ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంది. దారం కొనని పెదవులతో తడిపి, రెండు వేళ్ళతో నలిపి సన్నం చేసి, సూదిని వెలుతురుకి ఎత్తి పట్టింది. ఎక్కలేదు. మళ్ళీ తడిపింది. నేను మీటరు దూరంలో ఉన్నాను. ఎఫ్ 2, 60వ వంతు. సూదికీ కంటికీ మధ్య జానెడు. నా దగ్గరున్నది మూడు వేళ్ళు. రెండూ స్పష్టంగా రావాలంటే లెన్స్ బాగా మూయాలి. ఎఫ్ 5.6 కే షట్టర్ 8వ వంతుకి దిగిపోతుంది, అప్పటికీ జానెడు రాదు, పైగా చెయ్యి వణుకుతుంది, అమ్మ చెయ్యి కూడా. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. మొదట కంటి మీద ఫోకస్ చేసి ఒకటి కొట్టాను. తర్వాత రింగు కొద్దిగా తిప్పి సూది మీద ఒకటి. కంటి మీద తీసినదే మంచి ఫోటో అని ఇంట్లో అందరి తీర్పు. ముడతలు, రెప్పలు, అన్నీ తెలుస్తాయి. నాకు రెండోదే ఇష్టం. అందులో సూది బెజ్జం, దానికి వెంట్రుకవాసిలో ఆగిపోయిన దారం కొన మాత్రమే స్పష్టం. ముఖం మసక. అయినా ఆ బొమలు ముడిచిన తీరు చూసి అది అమ్మేనని ఎవరైనా చెప్తారు. మా చెల్లికి మాత్రం ఇప్పటికీ కోపం, "అమ్మని వదిలేసి సూదిని తీశావు" అని.

ఇంకో సంగతి. ఈ కెమెరాలో మీరు చూసేది అద్దం ద్వారా. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేచి ఫిల్మ్‌కి దారి ఇస్తుంది, ఆ కాస్తసేపు మీకు చీకటి. అంటే ఫిల్మ్ మీద పడిన క్షణాన్ని మీరు చూడలేదన్నమాట. నవ్వుని వ్యూఫైండర్‌లో చూశానంటే నవ్వు తప్పిపోయిందనే అర్థం. కొత్తలో ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఇప్పుడు నవ్వు కంటే ముందు వచ్చే ఊపిరి కోసం చూస్తాను.

కొట్టాక ఏమవుతుంది? ఏమీ కాదు. నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. వెనక తెర లేదు. "ఏదీ, చూపించు" అని పిల్లలు పరిగెత్తుకు రావడానికి కారణం లేదు. ఒకటి రెండుసార్లు వచ్చి, నల్లటి తలుపు చూసి నిరాశపడి వెళ్ళిపోయారు, ఇక రాలేదు. నేనూ తల దించుకుని స్క్రీన్‌లోకి చూడను. ఆట ఆగదు, దెబ్బలాట ఆగదు, గదిలో ఎవరూ నా వైపు తిరగరు. బొటనవేలితో లీవర్ లాగుతాను, అంతే.

తప్పులు చెప్పమంటే పొద్దుపోతుంది. ఒక్కటి చెప్తాను. మా అమ్మాయి బడికెళ్ళిన మొదటి రోజు. బ్యాగు తగిలించుకోవడం, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూడటం, అన్నీ తీశాను. కౌంటర్ 36 దాటింది. సంతోషించాను, ఒకటి ఎక్కువ వచ్చిందని. 37, 38, 39. నలభై దగ్గర గుండె జారింది. ఫిల్మ్ చుట్టుకోవాల్సిన స్పూల్‌లో దాని కొన చిక్కుకోనే లేదు. రోజంతా షట్టర్ ఖాళీగానే కొట్టుకుంది. అప్పటినుంచి లీవర్ లాగిన ప్రతిసారీ ఎడమవైపు రివైండ్ గుండీ తిరుగుతోందా అని ఓరకంట చూస్తాను. అది తిరిగితేనే లోపల ఫిల్మ్ నడుస్తున్నట్టు. లెన్స్ మూత సంగతి కూడా గుర్తుంచుకోండి. ఈ కెమెరాలో మీటర్‌కి ప్రత్యేకంగా స్విచ్ లేదు, వెలుతురు పడినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మూత పెడితేనే నిద్రపోతుంది. బ్యాటరీ అయిపోయినా షట్టర్ ఆగదు లెండి, గోడకి అంటించిన కాగితం ఉంది కదా.

నలుపు తెలుపు రీళ్ళు నేను ఇంట్లోనే కడుగుతాను. థర్మామీటర్ 20 డిగ్రీల దగ్గర ఉందా లేదా చూడటం మా అమ్మాయి పని. ఫిల్మ్ ఆరాక, ముక్కకి ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి, అన్నిటినీ ఒకే కాగితం మీద పరిచి కాంటాక్ట్ షీట్ తీస్తాం. 36 చిన్న బొమ్మలు. పెన్సిల్ తీసుకుని తేదీ, ఎవరెవరున్నారు, ఏ గది అనేది వెనక ఆ రోజే రాయండి. నేను మొదటి పదేళ్ళు రాయలేదు. ఒక ఊయలలో ఉన్న పసిబిడ్డ మా అమ్మాయా, చెల్లెలి కూతురా అని ఇప్పటికీ వాదన నడుస్తోంది.

వద్దంటే వద్దు. పన్నెండేళ్ళు వచ్చాక మా అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టడం మొదలుపెట్టింది. కెమెరా దించేశాను. అరచేతులవి రెండు ఫోటోలు పడ్డాయి, అవి దాచుకోవచ్చని అనుమతి ఇచ్చింది.

ఇంట్లో ఫోటోలు తీసేవాడికి ఒక శాపం ఉంది. అతను ఏ ఫోటోలోనూ ఉండడు. ఈ కెమెరాలో సెల్ఫ్ టైమర్ కూడా లేదు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు వరండాలో ఎఫ్ 8, 125వ వంతు, రెండు మీటర్లు పెట్టి కెమెరా దాని మెడలో వేశాను. "నాన్నా, ఏం నొక్కాలి?" అంది. "ఇదొక్కటే. నాకు నాలుగు మూరల కంటే దగ్గరికి రాకు, అంతే" అన్నాను. ఇందులో కొత్తేమీ లేదు. ఫ్రాన్సులో లార్టీగ్ అనే కుర్రాడు ఏడెనిమిదేళ్ళకే కెమెరా పట్టి సొంత కుటుంబాన్ని తీశాడు. మెట్ల మీదినుంచి గాల్లోకి దూకుతున్న బంధువుని తీసినప్పుడు పదకొండేళ్ళవాడు. ఆ ఫోటోలు న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో 1963లో గోడకెక్కేసరికి ఆయనకి 69 ఏళ్ళు. చిన్నపిల్లాడి ముందు ఎవరూ దిగరు, అదే అతని అదృష్టం.

మా అమ్మాయి తీసిన పన్నెండు ఫ్రేముల్లో మూడు నేల, రెండు దాని వేలు. ఒకదాంట్లో నేను స్టూలు మీద కూర్చుని దాని సైకిల్ గొలుసు ఎక్కిస్తున్నాను. కింద నుంచి తీసింది, తల పైభాగం తెగిపోయింది. చేతులు నల్లగా, మోచేతి దాకా గ్రీజు. నాలుక కొన పళ్ళ మధ్య బిగించి ఉన్నాను. అలా పెడతానని నాకు అప్పటిదాకా తెలియదు. మా అమ్మ ఆ ఫోటో చూసి, "మీ నాన్న కూడా అంతే" అంది.

ఆ, కెమెరా వచ్చేసింది. థాంక్సండీ. వెనక తలుపు మూసే ఉంది, బతికించారు. మూత ఎవరి దగ్గరుందో కాస్త ఇవ్వండి.

ఆగండి. కౌంటర్ 19 చూపిస్తోంది. మీకు ఇచ్చినప్పుడు 17 కదా. ఎవరు కొట్టారండీ రెండు? సరే, చెప్పకండి. మీ ఎదురుగా నాలుగైదు మూరల దూరంలో ఎవరు కూర్చున్నారో వాళ్ళు పడి ఉంటారు. రీలు కడిగాక పట్టుకొస్తాను.