ఊరెళ్లే ముందు ఏసీకి ఏం చేయాలి? అయిదు పద్ధతుల రివ్యూ

నమస్కారం. నెలో రెండు నెలలో ఇంటికి తాళం వేసి వెళ్లబోతున్న వాళ్ల కోసం ఈ వీడియో చేస్తున్నాను. ప్రయాణానికి ముందు ఏసీ విషయంలో చాలామంది చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఫ్యాన్ మోడ్‌లో నడపడం, ఆటో క్లీన్ నొక్కడం, స్ప్రే కొట్టడం, బయటి యూనిట్‌కు కవరు తొడగడం, స్మార్ట్ ప్లగ్ పెట్టడం. వీటిలో ఏది నిజంగా పనికొస్తుందో, ఏది డబ్బు దండగో చెబుతాను. ఎక్కువగా స్ప్లిట్ ఏసీ గురించే మాట్లాడతాను. ఇంటి మొత్తానికీ ఒకే యూనిట్ ఉన్నవాళ్లు చివరి దాకా ఉండండి, మీకు వేరే మాట చెప్పాలి.

ముందు లోపల ఎలా ఉంటుందో చూపిస్తాను. ఈ ఏసీ చాలాసేపు నడిచింది, ఇప్పుడే రిమోట్‌తో ఆపాను. స్విచ్ కూడా ఆపేసి, ముందు మూత పైకెత్తి, ఫిల్టర్లు తీసి, టార్చి వేస్తున్నాను. చూడండి, ఈ సన్నని అల్యూమినియం రేకుల మధ్య నీటి బొట్లు ఎలా ఇరుక్కుని ఉన్నాయో. రేకుకూ రేకుకూ మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందుకే చాలా బొట్లు కిందికి జారవు, అక్కడే పట్టుకుని ఉంటాయి. కింద ట్రేలో కూడా పలుచగా నీరు నిలిచి ఉంది. టార్చి ఇంకాస్త దించితే, గాలిని బయటికి నెట్టే గుండ్రటి బ్లోయర్ కనిపిస్తుంది. దాని రెక్కల మీద నల్లటి మచ్చలు ఉన్నాయి కదా, అదంతా దుమ్మే అనుకోకండి. తడి దుమ్ము మీద పెరిగే బూజు ఇలాగే ఉంటుంది.

ఇంత నీరు ఎక్కడిది? ఏసీ నడుస్తున్నప్పుడు ఈ కాయిల్, అంటే ఇందాక చూసిన రేకులున్న భాగం, సుమారు 10 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. గదిలో 26 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉందనుకోండి, 18 డిగ్రీల దగ్గరికి చల్లబడేసరికే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. ఉక్కగా ఉన్న రోజున ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరుకు పైగా నీరు తీయగలదు. అసలు 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తొలి ఆధునిక ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థను రూపొందించింది కూడా మనుషుల చల్లదనం కోసం కాదు. తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరక ఇబ్బంది అవుతుంటే, ఆ తేమను అదుపు చేయడానికి. రోజూ నడిచే ఏసీలో ఈ నీరు పైపు గుండా పోతూనే ఉంటుంది. తాళం వేసిన ఇంట్లో మాత్రం చీకటి, తడి, దుమ్ము ఒక్కచోట చేరి నెలల తరబడి కదలకుండా ఉంటాయి. బూజుకు ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే నా అభిప్రాయం ముందే చెబుతాను. ఊరెళ్లే ముందు ఏసీని ఆరబెట్టాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

ఆరబెట్టడానికి అన్నిటికన్నా మంచి మార్గం మామూలు ఫ్యాన్ మోడ్. దీనికి అయ్యే ఖర్చు దాదాపు లేనట్టే. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ నడవదు, బ్లోయర్ ఒక్కటే తిరుగుతుంది. వేగం ఎక్కువలో పెట్టి, గది తలుపు తీసి, గంటసేపు వదిలేయండి. ఉక్క ఎక్కువగా ఉన్న చోట రెండు గంటలు నడిపినా తప్పు లేదు. బయలుదేరే రోజు పొద్దున్నుంచి కూలింగ్ వాడకుండా, సామాను సర్దుకుంటున్నంతసేపూ ఫ్యాన్ మోడ్‌లో ఉంచితే సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత మళ్లీ టార్చి వేసి చూడండి. రేకుల మధ్య మెరుపు పోయి, పొడిగా, మసకగా కనిపించాలి. ఎక్కడైనా బొట్టు మెరిస్తే ఇంకాస్త నడపండి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. రిమోట్ మీద డ్రై మోడ్ అని ఉంటుంది కాబట్టి, అది ఏసీని ఆరబెడుతుందని అనుకుంటారు. అది ఆరబెట్టేది గదిలోని గాలిని. అందుకోసం కంప్రెసర్ నడుస్తుంది, కాయిల్ చల్లబడుతుంది, మళ్లీ నీరు పడుతుంది. అంటే డ్రై మోడ్‌లో నడిపి ఆపేస్తే లోపల తడి అలాగే ఉండిపోతుంది. దయచేసి ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి.

ఇక ఆటో క్లీన్. ఇది అన్ని మోడళ్లలో ఒకేలా పనిచేయదు. కొన్నిటిలో ఆపిన తర్వాత కాసేపు బ్లోయర్ తిరుగుతుంది, అంతే. మరికొన్నిటిలో కాయిల్ మీద మంచు గడ్డకట్టించి, కరిగించి, ఆ నీటితో దుమ్మును కడుగుతుంది, ఆ తర్వాత ఆరబెడుతుంది. రెండూ మంచివే. రోజువారీ వాడకంలో చాలా ఉపయోగం. అయితే నెలల ప్రయాణానికి ముందు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. దాని సమయం ముందే బిగించి ఉంటుంది, కాయిల్ ఆరిందో లేదో చూసి ఆగదు. మీట నొక్కండి, అది పూర్తయ్యాక ఫ్యాన్ మోడ్ కూడా వేయండి.

శుభ్రం చేసే పనులన్నీ ఆరబెట్టడానికి ముందే అయిపోవాలి. ఫిల్టర్ల సంగతి అందరికీ తెలిసిందే. 40 డిగ్రీలు దాటని నీళ్లతో కడగండి, నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే చట్రం వంకర పోతుంది. తడి ఫిల్టర్‌ను మాత్రం తిరిగి బిగించకండి. ఫిల్టర్ కన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది డ్రెయిన్ పైపు. ట్రేలోకి చిన్న గ్లాసుతో మెల్లగా నీళ్లు పోసి, బయట పైపు చివర చూడండి. ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే లోపల జిగురులాంటి పాచి పేరుకుందని అర్థం. దాన్ని ఇప్పుడే తీయించకపోతే, తిరిగి వచ్చాక మొదటి రోజే గోడ మీదికి నీరు కారుతుంది.

ఫోమ్ స్ప్రే గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. కాయిల్ పైపైన ఉన్న దుమ్ముకు అది పనిచేస్తుంది, కాదనను. ఇందాక చూసిన బ్లోయర్ రెక్కల దాకా మాత్రం అది సరిగ్గా చేరదు. పైగా నురుగు పూర్తిగా కొట్టుకుపోకపోతే, ఆ జిడ్డు మీద కొత్త దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది. కుడి పక్కనో ఎడమ పక్కనో ఉండే సర్క్యూట్ బోర్డు మీద పడితే నష్టం పెద్దది. బయలుదేరే ముందు రోజు హడావిడిగా స్ప్రే కొట్టే కన్నా, వారం ముందు మెకానిక్‌ను పిలిచి నీటితో కడిగించడం మేలు. అప్పుడే గ్యాస్ కూడా నింపాలని ఎవరైనా అంటే, ముందు ప్రెషర్ చూపించమనండి. గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంది, వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ముందు దాన్ని పట్టుకోవాలి.

బయటి యూనిట్‌కు ప్లాస్టిక్ కవరు. చూడటానికి ఎంతో జాగ్రత్త తీసుకున్నట్టు ఉంటుంది. నిజానికి అన్ని వైపులా మూసేస్తే లోపలి తేమ బయటికి పోదు, తుప్పు పెరుగుతుంది, ఎలుకలకూ బల్లులకూ వెచ్చటి గూడు దొరుకుతుంది. బల్లి బోర్డు మీదికి చేరి రెండు టెర్మినళ్లను కలిపిందంటే బోర్డు మాడిపోతుంది. ఆ యూనిట్ ఎండలో వానలో నిలబడేలాగే తయారైంది. చెట్టు ఆకులు రాలే చోట ఉంటే పైభాగం వరకూ ఒక రేకు కప్పండి, పక్కలు తెరిచే ఉంచండి. అంతకు మించి అక్కర్లేదు. నేనైతే కవరు కొనను.

ఆరబెట్టడం అయిపోయాక కరెంటు. రిమోట్‌తో ఆపినా బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. దాని ఖర్చు కొద్ది వాట్లే, అసలు భయం పిడుగుల వల్ల, వోల్టేజి ఎగిసిపడటం వల్ల. కాబట్టి ముందు రిమోట్‌తో ఆపి, అయిదు నిమిషాలు ఆగి, ఎంసీబీ, అంటే ఏసీకి కరెంటు ఇచ్చే బ్రేకర్ స్విచ్, దించేయండి. స్టెబిలైజర్ ఉంటే దాన్నీ ఆపండి. టైమర్ ఏదైనా పెట్టి ఉంటే ముందే రద్దు చేయండి. రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసేయండి. అవి కారితే లోపలి స్ప్రింగులు తినేస్తాయి.

స్మార్ట్ ప్లగ్ పెట్టి దూరం నుంచి అప్పుడప్పుడు ఏసీ వేద్దామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. తక్కువ సామర్థ్యం ఉన్న ప్లగ్ ఏసీ లాగే కరెంటుకు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. పైగా నడుస్తున్న కంప్రెసర్‌కు మధ్యలో కరెంటు కోసేయడం మంచిది కాదు. ఏసీలోనే వైఫై ఉంటే అది వేరే సంగతి. విపరీతమైన తేమ ఉండే చోట, లోపల చెక్క సామాను, పుస్తకాలు ఎక్కువగా ఉంటే, 28 లేదా 29 డిగ్రీల దగ్గర పెట్టి రోజుకు కొన్ని గంటలు నడిపించడంలో అర్థం ఉంది. కానీ ఎవరో ఒకరు వారానికోసారి వచ్చి, నీరు సరిగ్గా పోతోందో లేదో చూడగలిగితేనే అలా చేయండి. మనిషి లేని ఇంట్లో డ్రెయిన్ మూసుకుపోతే ఆపేవాళ్లు ఉండరు.

ఇక ఇంటి మొత్తానికీ ఒకే యూనిట్ ఉన్నవాళ్లు. మీ కంప్రెసర్ అడుగున చిన్న హీటర్ ఉండే అవకాశం ఉంది. అది ఆయిల్‌ను వెచ్చగా ఉంచి, గ్యాస్ అందులో కలిసిపోకుండా చూస్తుంది. మెయిన్ ఆపేస్తే ఆ హీటరూ ఆగిపోతుంది. తిరిగి రాగానే ఏసీ వేస్తే, పలుచబడిన ఆయిల్‌తో కంప్రెసర్ తిరగాల్సి వస్తుంది. కాబట్టి మెయిన్ వేశాక, మీ మాన్యువల్ చెప్పినన్ని గంటలు ఆగండి. కొన్నిటికి 6 గంటలు, కొన్నిటికి 12 గంటలు అని రాసి ఉంటుంది.

మామూలు స్ప్లిట్ ఏసీకి ఈ బాధ సాధారణంగా ఉండదు. ఊరి నుంచి వచ్చాక ముందు బయటి యూనిట్‌లో గూళ్లు, ఆకులు ఉన్నాయేమో చూడండి. ఎంసీబీ ఎత్తి, కిటికీలు తెరిచి, పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడపండి. ఆ తర్వాత కూలింగ్ వేయండి. మూడు నిమిషాల దాకా కంప్రెసర్ మొదలవకపోతే కంగారు పడకండి, అది రక్షణ కోసం పెట్టిన ఆలస్యం. ముక్కిన వాసన వస్తే మాత్రం వెంటనే ఆపి, మూత ఎత్తి, బ్లోయర్ మీద టార్చి వేయండి.